మోకాలి లోతులో మునకలు

మొన్న నెల్లూరులో ఒక పెళ్లికి వెళ్లాను. రెండో పంక్తిలో కూచున్నాం. పక్కన మా మేనల్లుడు, అండమాన్ నుంచి వచ్చి నాలుగు రోజులు కాలేదు. ఒక చేత్తో అన్నం కలుపుతూ ఇంకో చేత్తో ఫోన్ చూపిస్తున్నాడు. అద్దంలాంటి నీలం నీళ్లు. వీపున సిలిండరు, నోట్లో గొట్టం, వాడి చుట్టూ చారల చారల చేపలు. బాగుంది, కాదనను. ఎదురు విస్తరి ముందున్న పెద్దాయన కూడా అది చూసి, "మన మైపాడులో గూడా ఇట్టాంటిది పెడితే పోలా?" అన్నాడు. పంక్తి పంక్తంతా తల ఊపింది. నాకు పెరుగన్నం సహించలేదు.

మైపాడులో మునిగేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. సెలవు రోజున మోటారు సైకిళ్ల మీద వచ్చి, అలలోకి పరిగెత్తి, తిరిగి రాని కుర్రాళ్ల వార్త ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ తీరానికి కావలసింది సిలిండర్లు కాదు, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కళ్లు తిప్పకుండా నీళ్లకేసి చూసే గజ ఈతగాళ్లు.

నా కోపం అండమాన్ మీద కాదు. వండూరు దగ్గర మహాత్మాగాంధీ మెరైన్ పార్కును 1983లో పెట్టారు. 15 దీవులు, 281 చదరపు కిలోమీటర్ల నీళ్లూ నేలా. పోర్ట్ బ్లెయిర్ బజారులో నిలబడితే మన భాషా వినపడుతుంది, సిక్కోలు యాసతో సహా. అక్కడ పగడాలున్నాయి. పగడానికి కాళ్లు ఆనించుకోవడానికి గట్టి రాయి కావాలి, వెలుతురు దిగేంత తేట నీళ్లు కావాలి. అంత చేసినా 2010లో సముద్రం వేడెక్కితే అండమాన్ పగడాలు తెల్లగా పాలిపోయాయి. అంత సున్నితమైన సరుకు అది.

మన తీరం అడుగు ఇసుక. పెన్నా, స్వర్ణముఖి, కండలేరు తెచ్చి పోసే ఒండ్రు. మైపాడులో నడుం లోతు నీళ్లలో నిలబడితే మన పాదాలు మనకే కనపడవు. దాన్ని మురికి అంటే ఒప్పుకోను. ఆ మట్టే రొయ్యకూ చేపకూ మేత. నెల్లూరు చేపల పులుసు అని ఊరూరా బోర్డులు పెట్టుకుని బతుకుతున్నాం కదా, ఆ పులుసులో ముక్క ఆ మట్టి పెట్టిన భిక్ష. తేట నీళ్లూ కావాలి, పులుసూ కావాలి అంటే ఎట్లా?

"అయితే మన దగ్గర చూసేదేముంది మామా?" అన్నాడు అల్లుడు. అసలు మంట అక్కడ పుట్టింది.

ఒరే అబ్బయ్యా, సూళ్లూరుపేటలో రైలు దిగు. శ్రీహరికోట రోడ్డు పట్టు. రెండు పక్కలా పులికాట్. దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు లేదు. పాతవాళ్లు ప్రళయ కావేరి అనేవాళ్లు. స.వెం.రమేశ్ 'ప్రళయ కావేరి కథలు' చదివినవాళ్లకు ఆ దీవుల మాట, ఆ దీవుల తిండి, ఆ మనుషుల పంతాలు నేను చెప్పక్కర్లేదు. చదవనివాళ్లు అండమాన్ టికెట్టు కొనేముందు ఆ పుస్తకం కొనుక్కోండి. చలికాలం పొద్దున్నే అటకానితిప్ప దగ్గర నిలబడితే, తల కిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి వడకట్టుకు తినే ఫ్లెమింగోలు గులాబీ గీతలాగా కనపడతాయి. ఇక్కడ చూడాలంటే మునగక్కర్లేదు. మాట్లాడకుండా నిలబడితే చాలు, మనకు చాతగానిది అదొక్కటే.

కొన్నేళ్ల కిందట భీములవారిపాళెం నుంచి ఇరకం దీవికి పడవలో వెళ్లాను. సగం దారిలో పడవ అడుగు బురదకు తగిలింది. పడవాయన నీళ్లలోకి దూకాడు. నేను భయపడ్డాను. చూస్తే నీళ్లు ఆయన మోకాళ్లకు! ఆయనా ఇంకొకాయనా కలిసి పడవను బండిలాగా తోసుకుంటూ తీసుకుపోయారు. దూరంగా యానాది ఆడవాళ్లు నీళ్లలో కూచుని చేతులతో బురద దేవి రొయ్యలు పడుతున్నారు, పట్టింది పట్టినట్టు పళ్లతో కరిచి పట్టుకున్న తాటాకు బుట్టలో వేస్తున్నారు. సిలిండరూ లేదు, గొట్టమూ లేదు. నీటి అడుగున ఏముందో వాళ్ల వేళ్లకు తెలిసినంత నా అల్లుడి కెమెరాకు తెలియదు.

ఆ మోకాలి లోతే నా ఏడుపు. ఈ సంగతి ఈ శీర్షికలో ఎన్నోసారి రాస్తున్నానో లెక్క మరిచిపోయాను, మీరూ మరిచిపోండి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్ల సరస్సులోకి వచ్చి పెరుగుతుంది, పెద్దయ్యాక సముద్రానికి పోతుంది. రాకపోకలకు దారి ముఖద్వారం. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే రొయ్య రాదు, చేప రాదు. ఎండాకాలం నీళ్లింకి ఉప్పు తేలుతుంది. జాలరి వల మడత పెట్టి కూలికి పోతాడు. నేలపట్టు చెరువు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు పిల్లలకు మేత కోసం ఎగిరెళ్లేది కూడా ఈ సరస్సుకే. నేలపట్టు రైతులు ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పెట్టుకుని, వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లాగా చూసుకుంటారు. 1976లో అభయారణ్యం అని బోర్డు పెట్టకముందు నుంచీ కాపాడింది వాళ్లే. పూడిక తీస్తామన్న మాట మాత్రం ప్రతి ఎన్నికలకూ వలస పక్షిలాగా వచ్చి పోతోంది.

దాని బదులు పండగ చేస్తారు. ఫ్లెమింగో ఫెస్టివల్ 2001లో మొదలైంది. 2020 తర్వాత ఆగి, 2025 జనవరిలో మూడు రోజులు మళ్లీ జరిగింది. పిల్లల్ని బస్సుల్లో తెచ్చి పక్షుల్ని చూపించడం మంచిదే. సాయంత్రం స్టేజీ మీద సినిమా పాటలకూ ఫ్లెమింగోకూ ఉన్న చుట్టరికమే నాకు అంతుపట్టదు. అన్నట్టు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి వాటాకు పోయింది. పక్షులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, ఇంకా మావే అనుకుంటున్నాం.

చిత్రమేమిటంటే, ఈ తీరంలో అడవి అడవిలాగా, ఇసుక ఇసుకలాగా మిగిలింది శ్రీహరికోటలో. 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరినప్పటి నుంచి మనల్ని గేటు దగ్గరే ఆపేశారు గనక! యానాదుల్నీ కదిలించారనుకోండి, ఆ లెక్క వేరే.

ఇంతకీ పార్కు కావాలనేవాళ్లు ఒకసారి సంక్రాంతి దాటాక ఒడ్డున నడవండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కొన్ని నడిచి వస్తాయి, కొన్ని చచ్చి కొట్టుకొస్తాయి. ట్రాలర్ వలలో ఇరుక్కుంటే ఊపిరికి పైకి రాలేక పోతాయి. తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలవే అని 1994 చట్టం కింద నిబంధన ఉంది. పక్క రాష్ట్రం మరబోట్లు దాన్ని దాటి వచ్చి మనవాళ్ల వలలు తెంపుతున్నాయని మన జాలర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. చేపకు అది సరైన కాలమేమో గానీ, తాబేలుకు అప్పటికి కర్మకాండ కూడా అయిపోతుంది.

అయ్యా, పర్యాటక శాఖ పెద్దలూ! మైపాడు స్కూబా ఫైలు మీ బల్ల మీదికి ఎవరైనా తెస్తే దయచేసి పక్కన పెట్టండి. ఆ డబ్బుతో ముందు రాయదొరువు తెరవండి, జనవరి నుంచే ఒడ్డుకు పడవ కాపలా పెట్టండి. ఇరకం పడవ తోసుకోకుండా పోయిన రోజు నాకు కబురు పంపండి, టికెట్టు నేనే కొనుక్కుంటాను.