పందుల పెంపకానికి ఒక పద్ధతి కావాలి: ఉస్మాన్‌గంజ్ వాసులకు విజ్ఞప్తి



రాత్రి షట్టర్లు పడ్డాక మన హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో ఏం మిగులుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఎల్లిపాయ పొట్టు, బూజు పట్టిన చింతపండు, చిరిగిన బస్తాల్లోంచి రాలిన పప్పులు, టిఫిన్ సెంటర్ల ఎంగిలి ఆకులు. అందులో కొంత చెత్త ఆటోకు అందుతుంది. మిగిలింది గల్లీ మూలకో, నాలా గట్టుకో చేరుతుంది. తెల్లారకముందే పందులు వచ్చి కవర్లు చింపుతాయి. తినేది తిని, మిగతాది మూతులతో రోడ్డు పొడవునా చిమ్ముతాయి. కాసేపటికి లారీలు వస్తాయి, బస్తాలు అక్కడే దిగుతాయి. మూటలు మోసి అలసిన హమాలీ అదే అరుగు మీద కూర్చొని టిఫిన్ డబ్బా విప్పుకుంటాడు. ఆ బస్తాల్లో ఉన్నది ఎవరెవరి వంటిళ్లకో వెళ్లే సరుకు.

నాలా పూడిక తీసే రోజుల్లో పరిస్థితి ఇంకా అధ్వానం. తీసిన బురదను వెంటనే ఎత్తకుండా గట్టు మీదే పోస్తే పందులు అందులో పొర్లుతాయి, కెలుకుతాయి. ఒక్క వాన పడితే ఆ బురద మళ్లీ నాలాలోకే జారుతుంది. నాలాల సంగతి కొంప మునిగితే తప్ప మనకు గుర్తు రాదు. 2022 డిసెంబరు 23న గోషామహల్ చాక్నవాడిలో నాలా పైకప్పు కుంగి, వారపు సంత బండ్లు, వాహనాలు అందులో పడ్డప్పుడు ఊరంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాతైనా నాలా గట్టు చెత్త పోసే చోటు కాదని మనం నేర్చుకోవాల్సింది.

నేను కోరేది ఇది. ఊరి నడిబొడ్డున మురుగు మీద, ఎంగిలి మీద పందుల్ని వదిలి పెంచే అలవాటు ఆగాలి. వాటిని పెంచేవాళ్ల పొట్ట కొట్టకుండా ఆగాలి. ఈ రెండూ కలిసి జరిగితేనే మార్పు నిలుస్తుంది.

ముందు ఆరోగ్యం సంగతి. "మేం మాంసమే ముట్టం, మాకేం భయం?" అనేవాళ్లు మన బజారులో చాలామంది. మెదడులో పురుగు అని డాక్టర్లు చెప్పే జబ్బు మాంసం తినేవాళ్లకే వస్తుందన్నది అపోహ. బద్దెపురుగు మనిషి పేగుల్లో పెరుగుతుంది, దాని గుడ్లు మలంతో బయటికొస్తాయి. ఆ మలం తిన్న పంది కండల్లో పురుగు పిల్లలు తిత్తులు కడతాయి. సరిగా ఉడకని ఆ మాంసం తిన్నవాడి కడుపులో మళ్లీ బద్దెపురుగు తయారవుతుంది. వాడు చేతులు కడుక్కోకపోతే, వాడి మలం కలిసిన నీళ్లు కూరగాయలకు తగిలితే, ఆ గుడ్లు ఎవరి నోట్లోకైనా పోతాయి. శాకాహారి నోట్లోకైనా సరే. అవి మెదడుకు చేరి తిత్తులు కడితే మూర్ఛలు వస్తాయి. మనుషులూ వదిలేసిన పందులూ కలిసి మసలే ప్రాంతాలు చాలావాటిలో మూర్ఛ కేసుల్లో 30 శాతానికి ఈ పురుగే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పందికి మనిషి మలం అందకుండా చేస్తే ఈ గొలుసు తెగుతుంది. అందుకే పందుల దొడ్డికి గోడ ఎంత అవసరమో, బజారుకు వచ్చే కూలీలకు మరుగుదొడ్డి అంతే అవసరం.

మెదడువాపు వ్యాధి గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడుకోవాలి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ పందుల ఒంట్లో బాగా పెరుగుతుంది, దోమల ద్వారా మనుషులకు వస్తుంది. 1999 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఇది వణికించింది. అయితే దాన్ని మోసే దోమ ఎక్కువగా వరి మడుల నీళ్లలో పెరుగుతుంది. గంజ్ నడుమ వరి మడులు లేవు కాబట్టి లేని భయం పుట్టించడం నా ఉద్దేశం కాదు. 2003 జూన్, ఆగస్టు మధ్య మళ్లీ పిల్లలకు జ్వరం, ఫిట్స్ మొదలైతే అది మెదడువాపేనని చాలామంది అనుకున్నారు. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. పరిశోధనలో తేలింది చండీపుర వైరస్. దాన్ని మోసేది ఇసుక ఈగ, దానికీ పందికీ సంబంధం లేదు. మనం చేసే ఫిర్యాదు గట్టిగా నిలబడాలంటే అందులో నిజమే ఉండాలి. కనబడ్డ ప్రతి జ్వరాన్నీ పంది నెత్తిన రుద్దితే అసలు విషయం పక్కకు పోతుంది.

ఇక పందుల్ని పట్టే డ్రైవ్‌లు. అవి ఎలా జరుగుతాయో మనకు తెలిసిందే. ఫిర్యాదులు ఎక్కువైతే బండి వస్తుంది, కొన్నిటిని పడతారు, యజమానులతో గొడవ అవుతుంది. కొద్ది రోజులకు గల్లీ మళ్లీ మామూలే. ఆడపంది కట్టిన 114 రోజులకు ఈనుతుంది, ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు, ఈతకు నాటు పందైనా ఆరేడు పిల్లలు పెడుతుంది. మేత ఖర్చు రూపాయి లేదు, అదంతా మన చెత్తే. మన చెత్త ఉన్నంతకాలం ఎన్ని పట్టుకెళ్లినా అన్నీ తిరిగి వస్తాయి.

వర్తక మిత్రులారా, అందుకే మొదటి విజ్ఞప్తి మీకే. 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరుచేసి ఇవ్వడం ప్రతి ఇంటి, ప్రతి దుకాణం బాధ్యత చేశాయి. రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థల మీద ఇంకా ఎక్కువ బాధ్యత పెట్టాయి. షట్టర్ దించేముందు మూత ఉన్న డబ్బాలో తడి చెత్త కట్టి పెట్టడం పెద్ద పని కాదు. పక్కపక్కన ఉన్న దుకాణాలు కలిసి ఒక మనిషిని పెట్టుకుంటే ఆటో వచ్చేదాకా ఆ డబ్బాలు చూసుకుంటాడు. హోటళ్లవాళ్లకు ఒక మాట: నాలాలో పారబోసే ప్రతి బకెట్టు ఎంగిలీ ఒక పందికి విందు.

పందులు పెంచే అన్నలకు, అక్కలకు రెండో విజ్ఞప్తి. మీ వృత్తిని నేను తక్కువ చేయడం లేదు. తెలుగునాట తరతరాలుగా ఈ పని చేస్తున్న ఎరుకల సమాజం బ్రిటిష్ వాళ్లు వేసిన "నేరస్థ తెగ" ముద్రను ఏళ్లతరబడి మోసింది. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా చిన్నచూపు పోలేదు. ఆ చిన్నచూపుకు ఈ విజ్ఞప్తిలో చోటు లేదు. అయితే పందుల్ని వీధిలో వదలడం మీకూ నష్టమే. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు రాదు గానీ పందుల మందల్ని తుడిచిపెడుతుంది. ఉడకబెట్టని ఎంగిలి ద్వారా కూడా అది పాకుతుంది. దొడ్డిలో కట్టి, కుడితి బాగా మరగబెట్టి పోసి పెంచిన పందికి జబ్బు తక్కువ, బరువు ఎక్కువ, ధరా ఎక్కువ. 2021లో సవరించిన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద పందుల సంతానోత్పత్తి కేంద్రానికి పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల వరకు రాయితీ ఉంది. అది పెద్ద కేంద్రాలకు సరిపోయే పథకం, ఒక్క కుటుంబం వల్ల కాదు. పది కుటుంబాలు సంఘంగా ఏర్పడితే అడిగే హక్కు, గొంతు రెండూ వస్తాయి. ఆ దరఖాస్తు రాయడానికి చదువుకున్న ఇరుగుపొరుగు సాయం పట్టాలి.

మూడో విజ్ఞప్తి బల్దియాకు, అంటే మన నగరపాలక సంస్థకు. ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త నిర్వహణ, కబేళాల నియంత్రణ వీటన్నిటినీ 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీల పనులుగా రాసింది. నిధులు లేవు, సిబ్బంది లేరు అనే జవాబు చెల్లదని సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం ఊరివాళ్లు తమ వీధిలో బహిరంగ మురుగు, మలం గురించి మెజిస్ట్రేటుకు మొరపెట్టుకుంటే మున్సిపాలిటీ డబ్బు లేదంది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్న ధర్మాసనం ఆ సాకును తోసిపుచ్చి, పనిచేసి తీరాలంది. ఆ తీర్పుకు ఆధారమైన సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. కోర్టు మెట్లు ఎక్కకముందే పని కావాలన్నదే మా కోరిక. పందుల యజమానులను గుర్తించి నమోదు చేయండి. ముందుగా నోటీసు, తగిన గడువు ఇవ్వండి. నగరం బయట నీళ్లు, గోడ, పశువైద్యుడు ఉన్న స్థలం చూపించండి. ఆ తర్వాత కూడా వీధిలో వదిలితే జరిమానా వేయండి. నాలా పూడిక తీసిన రోజే ఎత్తించండి. రాత్రి దుకాణాలు మూసే వేళకు గంజ్‌లోకి ఒక ట్రిప్పు చెత్త బండి పంపండి.

ఇది అయ్యే పనేనా అంటారా? సింగపూర్‌లో 1977లో నదుల ప్రక్షాళన మొదలుపెట్టినప్పుడు ఆ పరీవాహకంలో 610 పందుల దొడ్లు, 500 బాతుల దొడ్లు ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి తీసేశారు, వీధి వ్యాపారులకు కట్టిన కేంద్రాల్లో చోటిచ్చారు, పదేళ్లలో 1987కు నదులు శుభ్రపడ్డాయి. మన నగరం కూడా ఇలాంటి పని చేసింది. 1908 మూసీ వరద, 1911 ప్లేగు తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలను, వీధులను సంస్కరించారు. ఏ నిజాం పేరు మన గంజ్ పెట్టుకుందో ఆ ఉస్మాన్ అలీఖాన్ కాలంలోనే ఆ పని చాలావరకు నడిచింది. ఇప్పుడు మూసీ ప్రక్షాళన అంటున్నాం. మన నాలాలన్నీ కలిసేది మూసీలోనే. గట్టున పందుల దొడ్డి ఉంచి నది బాగుపడాలనుకోవడం అడియాసే.

చివరిగా అందరికీ ఒక మాట. మన గల్లీల్లో గుడి ఉంది, మసీదు ఉంది, గురుద్వారా ఉంది. పంది పేరెత్తగానే దాన్ని మతం గొడవ చేయాలని చూసేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వకండి. మురుగు వాసన ఇంటింటికీ ఒకటే, జబ్బూ ఒకటే.

మీ గల్లీలో చెత్త కుప్పలు, వదిలేసిన పందులు కనబడితే ఫోటో తీసి తేదీ, చోటు రాసి బల్దియా కాల్ సెంటర్ 040-21111111కు ఫిర్యాదు చేయండి, ఫిర్యాదు నంబరు దాచుకోండి. పని కాకపోతే సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి కార్యక్రమానికి పది మంది కలిసి వెళ్లండి. వర్తకులు, హమాలీలు, పందుల పెంపకందారులు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి స్థలం, చెత్త బండి, మరుగుదొడ్లు ఈ మూడూ అడగండి. ముందు ఈ రాత్రి మీ దుకాణం చెత్త డబ్బాకు మూత పెట్టండి.