నేల కింద తల ఎటు.. లెక్క తప్పితే ముప్పు

ట్రాఫిక్ ఆగదు. రహదారి తవ్వరు. ఈ చివర ఒక గుంత, ఆ చివర మరో గుంత.. మధ్యలో నేల కిందుగా డ్రిల్లు దారి చేసుకుంటూ పోతుంది. ఫైబర్ కేబుళ్లు, తాగునీటి గొట్టాలు, ఇంటింటి గ్యాస్ లైన్లు వేసేందుకు పట్టణాల్లో హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్ వాడకం పెరిగింది. 1971లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మార్టిన్ చెరింగ్టన్ పజారో నది కింద గ్యాస్ పైపును దాటించడంతో మొదలైన విధానమిది. పని సులువే. అయితే కంటికి కనిపించని ఆ డ్రిల్ తలను వెంటాడటమే ఇందులో అసలు పరీక్ష.

ఆచూకీ ఇలా..

డ్రిల్ కొన వెనుక ఉక్కు తొడుగులో బ్యాటరీతో పనిచేసే ట్రాన్స్‌మిటర్‌ను అమరుస్తారు. అది పంపే విద్యుదయస్కాంత సంకేతాన్ని నేలపై లొకేటర్ పట్టుకుని నడిచే వ్యక్తి గ్రహిస్తాడు. తల ఎంత లోతున ఉంది, ఏ వాలులో సాగుతోంది, ఏటవాలుగా ఉండే దాని ముఖం ఎటు తిరిగి ఉంది అన్నవి తెరపై కనిపిస్తాయి. ముఖం దిశను గడియారం ముల్లులా చెబుతారు. రాడ్లను తిప్పుతూ నెడితే డ్రిల్లు తిన్నగా పోతుంది. తిప్పకుండా పన్నెండు గంటల స్థానంలో ఉంచి నెడితే పైకి, ఆరు గంటల స్థానంలో నెడితే కిందికి మళ్లుతుంది. పెద్ద నదుల కింద పైన నడిచే వీలుండదు కనుక రాడ్ల లోపలి తీగ ద్వారా సమాచారం రప్పిస్తారు.

అంకెను నమ్మలేని చోట్లు

విద్యుత్ తీగలు, రైలు పట్టాలు, కాంక్రీటులోని ఇనుప చువ్వలు ఈ సంకేతాన్ని చెదరగొడతాయి. ఉప్పునీటి నేలల్లో అది బలహీనపడుతుంది. అప్పుడు తెరపై లోతు ఒకటి, నేలలో ఉన్నది మరొకటి అవుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే పరికరాన్ని తెలిసిన దూరంలో సరిచూడాలి. డ్రిల్లింగ్ దారి పొడవునా నడిచి అంతరాయాలను గుర్తించాలి. లొకేటర్‌ను అర మీటరు పైకెత్తితే లోతు అంకె కూడా అంతే పెరగాలి. పెరగకుంటే ఆ అంకెను నమ్మరాదు.

ఎదురున్నది చెప్పదు

అన్నీ సరిగా ఉన్నా ఒక లోటు మిగులుతుంది. లొకేటర్ డ్రిల్ తల జాడనే చెబుతుంది, దాని ఎదుట ఉన్న గ్యాస్ పైపు సంగతి చెప్పదు. 2013 ఫిబ్రవరి 19న అమెరికాలోని కాన్సస్ సిటీలో ఫైబర్ కేబుల్ కోసం వేస్తున్న డ్రిల్లు గ్యాస్ లైనుకు తగిలింది. పేలుడులో ఓ రెస్టారెంట్ ఉద్యోగిని మృతిచెందారు. 2018 జులై 10న విస్కాన్సిన్ రాష్ట్రంలోని సన్ ప్రెయిరీలోనూ ఇదే తరహా ప్రమాదంలో అగ్నిమాపక అధికారి ప్రాణాలు కోల్పోయారు. గ్యాస్ లైను తెగితే ఏమవుతుందో కోనసీమకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. అక్కడ కారణం డ్రిల్లింగ్ కాదు. కానీ నేల కింది పైపుపై అశ్రద్ధకు మూల్యం ఎంతటిదో ఆ ఘటన చూపింది.

తవ్వి చూడటమే మార్గం

తవ్వకానికి ముందే కేబుళ్లు, పైపుల యజమానులకు సమాచారం చేరవేసేందుకు కేంద్రం 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్‌ను ప్రారంభించింది. అది తొలి మెట్టు మాత్రమే. పాత పటాల్లో ఉన్నచోటే పైపు ఉంటుందన్న భరోసా లేదు. డ్రిల్లు దాటబోయే ప్రతి పైపు వద్ద చేతితో చిన్న గుంత తవ్వి, పైపును కళ్లారా చూసి, తల దాని పక్కగా పోతోందని నిర్ధారించుకోవాలి. దీనికి పట్టేది కొద్ది సమయం, కొంత ఖర్చు. అనుమతులిచ్చే పురపాలక సంఘాలు ఈ గుంతలనే తొలి షరతుగా పెడితే కాంట్రాక్టర్ తొందరకు కళ్లెం పడుతుంది. లొకేటర్ చూపే అంకె ఆధారమే తప్ప అభయం కాదు.