మగ్గం నేర్పే చదువుకు గుర్తింపేదీ?

ఇంటి విద్యకు, ఇంటి చాకిరీకి నడుమ గీత ఎక్కడ?

దుబ్బాక: ఏటా జూన్‌లో బడులు తెరుచుకోగానే బడిబాట పేరిట ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరుగుతారు. బడి ఈడు పిల్లలు ఎందరు, చేరినవారు ఎందరు, చేరనివారు ఎందరు అని లెక్క తీస్తారు. చేరని బిడ్డను 'డ్రాపౌట్' అంటారు. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో చదువుకున్న తల్లిదండ్రులు కొందరు తమ పిల్లలను కావాలనే బడికి పంపకుండా ఇంటివద్దే చదివించుకుంటున్నారు. ఆ పిల్లలను మాత్రం ఎవరూ డ్రాపౌట్ అనరు. దానికి 'హోం స్కూలింగ్' అని పేరు. పొద్దున తోటపనిలో మొక్కల పాఠం, వంటింట్లో కొలతల పాఠం, అంగడిలో లెక్కల పాఠం.. ఇలా చేతులతో పనిచేస్తూ నేర్చుకోవడమే అసలైన చదువని వారు చెబుతారు.

దుబ్బాక వంటి నేత పట్టణానికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పద్మశాలీల ఇళ్లలో తరతరాలుగా తల్లి రాట్నం వద్ద, తండ్రి మగ్గం వద్ద పిల్లలకు పని నేర్పుతూనే వచ్చారు. ఒకే పని నగరంలో ప్రయోగం, ఇక్కడ వెనుకబాటుతనం ఎలా అయింది? ఈ తేడా న్యాయమైనదేనా? భావోద్వేగంతో కాక వాస్తవాలతో పరిశీలించవలసిన ప్రశ్న ఇది.

మగ్గం గుంతలో గణితం

నేత ఇంట్లో బిడ్డ మొదట నేర్చేది కండెలు చుట్టడం. దారం బిగువు ఎంత ఉండాలో వేళ్లకు తెలియాలి. బిగిస్తే తెగుతుంది, వదిలితే జారుతుంది. ఆ తరువాత తెగిన పోగును ముడి కనబడకుండా అతకడం, పడుగు సరిచేయడం, గంజి పట్టించడం, చివరకు నాడె విసరడం. ఒక్కో మెట్టుకు నెలలు పడుతుంది. మంచి నేతగాడు కావడానికి ఏళ్లు పడుతుంది.

ఇందులో లెక్కలు తక్కువేమీ కాదు. నూలు నంబరు సంగతే చూద్దాం. ఒక పౌను బరువుకు 840 గజాల చిలుపలు ఎన్ని తూగితే ఆ నూలుకు అంత నంబరు. 40వ నంబరు నూలు అంటే పౌనుకు 40 చిలుపలు, అంటే 33,600 గజాల దారం. నంబరు రెట్టింపైతే అదే బరువులో దారం పొడవు రెట్టింపవుతుంది, సన్నబడుతుంది. బడిలో విలోమానుపాతం అని చెప్పే పాఠం ఇదే. అంగుళానికి 60 పోగుల చొప్పున 46 అంగుళాల పన్నా నేయాలంటే 2,760 పడుగు పోగులు కావాలి. ఈ లెక్క తప్పితే పడుగంతా వృథా.

లెక్కలతోపాటు విజ్ఞానశాస్త్రమూ ఉంది. ఎండాకాలం వడగాలికి పోగులు ఎందుకు తెగుతాయో, నేలకు దగ్గరగా ఉండే గుంట మగ్గంలో పడుగుకు తేమ ఎలా నిలుస్తుందో, గంజి చిక్కబడితే ఏమవుతుందో నేత కుటుంబానికి అనుభవంతో తెలుసు. పొరుగున సిద్దిపేటలో పుట్టి, భౌగోళిక గుర్తింపు పొందిన గొల్లభామ చీరలో తలపై కుండ పెట్టుకున్న బొమ్మ తేలాలంటే పోగులు లెక్కపెట్టి అదనపు పేక వేయాలి. ఒక్క పోగు తప్పినా బొమ్మ వంకర పోతుంది. పుస్తకంలో తప్పు చేసిన బిడ్డకు ఎర్రసిరా గుర్తు పడుతుంది. మగ్గం మీద తప్పు చేసిన బిడ్డకు ఆ తప్పు కళ్లెదుటే కనిపిస్తుంది, విప్పి మళ్లీ నేయవలసి వస్తుంది.

కాబట్టి మగ్గం నేర్పేది చదువు కాదనడం సరికాదు. అయితే అది ఒక్కటే చాలునా అన్నది వేరే ప్రశ్న.

చట్టం ఏం చెబుతోంది?

2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. అదే సవరణ పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని కూడా చేర్చింది. దానికి అనుగుణంగా వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. పిల్లలను సమీప పాఠశాలలో చేర్చాలని చట్టంలోని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్చని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం పెట్టలేదు. ఇంటి చదువు అన్న మాట చట్టంలో లేదు. దాన్ని పేరుపెట్టి నిషేధించలేదు, గుర్తించనూ లేదు. నగరాల్లోని హోం స్కూలింగ్ కుటుంబాలు ఈ సందులోనే నడుస్తున్నాయి.

నేత కుటుంబాలకు వర్తించే చట్టం మరొకటి ఉంది. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టం పిల్లలను పెట్టకూడని పనుల పట్టికలో బీడీల తయారీని, బట్టల నేతను చేర్చింది. కుటుంబ సభ్యుల సాయంతో ఇంట్లోనే నడిచే పనికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. 2016 సవరణతో 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడివేళల తరువాత, సెలవుల్లో సాయపడవచ్చునని మళ్లీ మినహాయింపు ఉంచారు. బాలల హక్కుల కోసం పనిచేసేవారు దీన్ని దొడ్డిదారిగా విమర్శించారు. నాలుగు గోడల మధ్య బిడ్డ ఎన్ని గంటలు పనిచేస్తున్నాడో చూసేవారెవరు అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో బలం ఉంది.

ఎంపిక వేరు, గత్యంతరం లేకపోవడం వేరు

ఇంటి చదువుతో ఎదిగినవారు మన రాష్ట్రంలోనే ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ బడికి వెళ్లకుండా తల్లిదండ్రుల వద్దే చదువుకొని ఎనిమిదేళ్లకే పదో తరగతి స్థాయి పరీక్ష గట్టెక్కారు. పదమూడేళ్లకు డిగ్రీ పూర్తిచేశారు. ఈ ఘనత వెనుక పూర్తికాలం బిడ్డకే వెచ్చించగలిగిన చదువుకున్న తల్లిదండ్రులు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఉన్నాయన్నది మరువరాదు. అక్కడ ఇంట్లోని సమయమంతా బిడ్డ కోసం.

నేత ఇంట్లో పరిస్థితి అది కాదు. నేసిన గజాల లెక్కన కూలి వచ్చే ఇంట్లో బిడ్డ చుట్టిన కండె ఆ పూట సంపాదనలో భాగం. తల్లిదండ్రులకు బిడ్డపై ప్రేమ తక్కువై కాదు, తీరిక లేక. కరోనా కాలం ఈ తేడాను బట్టబయలు చేసింది. 2020 మార్చిలో బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో రాష్ట్రంలోని పిల్లలందరికీ ఇల్లే బడి. ఫోను, నెట్టు, చెప్పేవారు ఉన్న ఇళ్లలో చదువు సాగింది. లేని ఇళ్లలో చదువు ఆగి పని మొదలైంది. ఇల్లు దానంతట అదే బడి కాదని అప్పుడే తేలిపోయింది.

ఈ కారణంగానే ఎం.వి. ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లాలో వేలాది మంది పిల్లలను పని నుంచి బడికి మళ్లించి 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న శాంతా సిన్హా, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రంపై నిలబడ్డారు. పేదలకు సగం చదువు, పనితోపాటు చదువు అనే మాటల వెనుక పేద బిడ్డను పనిలోనే ఉంచే ప్రమాదం ఉందన్నది ఆ వాదన సారాంశం. మగ్గం గొప్పతనం చెప్పేవారెవరైనా ముందుగా ఈ వాదనకు సమాధానం చెప్పుకోవాలి.

నేతకు, బీడీకి తేడా

దుబ్బాక ప్రాంతంలో నేతతోపాటు బీడీలు చుట్టే పని కూడా ఎన్నో కుటుంబాలకు ఆధారం. చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించే తల్లి పక్కన కూర్చున్న ఆడపిల్ల కూడా ఓ పని నేర్చుకుంటూనే ఉంటుంది. కట్టకు 25 చొప్పున 40 కట్టలైతే వెయ్యి అన్న లెక్కా వస్తుంది. మరి దీన్నీ ఇంటి చదువు అందామా?

అనలేం. బీడీ పనిలో మొదటి కొన్ని నెలల్లో నేర్చిందే చివరిదాకా. ఆపై పెరిగేది వేగం, వేగంతోపాటు మెడనొప్పి, పొగాకు ధూళికి దగ్గు. మగ్గం పని అలా కాదు. సాదా గుడ్డ తరువాత అంచు, అంచు తరువాత బుటా, ఆ తరువాత కొత్త నమూనా. నేర్చేకొద్దీ నేర్వవలసింది మిగిలే ఉంటుంది.

ఇంటి విద్యను, ఇంటి చాకిరీని వేరుచేసి చూడడానికి మూడు ప్రశ్నలు చాలు. ఆ పని బిడ్డ నేర్చుకోవడానికా, ఇంటి ఖర్చు వెళ్లడానికా? పనిలో రోజురోజుకూ కొత్తగా నేర్చేది ఉందా, నిన్న చేసిందే నేడు చేయడమా? రేపు బిడ్డ వేరే దారి పట్టాలనుకుంటే తలుపు తెరిచి ఉందా? నగరంలోని ఇంటికైనా, దుబ్బాకలోని ఇంటికైనా ఈ ప్రశ్నలు ఒక్కటే. ర్యాంకుల కోసం బిడ్డను గదిలో కూర్చోబెట్టి రోజంతా రుద్దించే చదువు కూడా మొదటి ప్రశ్న దగ్గరే తడబడుతుంది.

వార్ధా నుంచి మాచ్‌నూర్ దాకా

చేతిపని, పుస్తకం కలిసి నడవాలన్న ఆలోచనకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ నయీ తాలీం ప్రతిపాదించారు. నూలు వడకడం వంటి చేతిపని చుట్టూ మిగతా పాఠాలు అల్లాలన్నది దాని సారం. పాఠ్యప్రణాళిక రూపొందించిన సంఘానికి హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ అధ్యక్షుడు. స్వాతంత్య్రం వచ్చాక బేసిక్ పాఠశాలలు వెలిశాయి. మామూలు బడిలో చదివినవారికి ఉద్యోగాలు, బేసిక్ బడిలో చదివినవారికి చేతిపని అన్న అభిప్రాయం బలపడడంతో ఆ పద్ధతి క్రమంగా నీరుగారింది.

ఉమ్మడి మెదక్ జిల్లాలోనే మరో ప్రయత్నం జరిగింది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపిన పచ్చసాలెలో పేద పిల్లలకు మామూలు పాఠాలతోపాటు వడ్రంగం, కుట్టుపని, పుస్తకాల బైండింగ్, సాగు పనులు నేర్పారు. పిల్లలు చేతిపని నేర్చినా పరీక్షల దారి మూసుకోలేదు. వార్ధా పద్ధతి ఎక్కడ దెబ్బతిన్నదో అక్కడ ఈ బడి జాగ్రత్తపడింది.

పదో తరగతి అనే గడప

దుబ్బాక నేత కుటుంబాలకు అసలు చిక్కు ఈ పరీక్షల వద్దే ఉంది. రాష్ట్రంలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ కావాలన్న కోరిక ఫలించి, 2024 సెప్టెంబరులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట హైదరాబాద్‌లో ఆ సంస్థ ప్రారంభమైంది. మూడేళ్ల డిప్లొమాలో చేరాలంటే పదో తరగతి ఉత్తీర్ణత ఉండాలి. పదేళ్లు మగ్గం పక్కనే పెరిగి, నూలు నంబరు వేళ్లతో చెప్పగల యువకుడికైనా ఆ పత్రం లేకపోతే ప్రవేశం లేదు. తాతల విద్యను చదువుకోవడానికి కూడా బడి పత్రమే కావాలి.

దీనికి దారి లేకపోలేదు. 14 ఏళ్లు నిండినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా నేరుగా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కనవసరం లేదు, ఐదేళ్ల గడువులో ఒక్కొక్కటిగా పూర్తిచేయవచ్చు. నగరాల్లోని హోం స్కూలింగ్ కుటుంబాలు ఎక్కువగా ఆధారపడేది జాతీయ సార్వత్రిక విద్యాసంస్థపైనే. అదే సంస్థతో కేంద్ర జౌళి శాఖ 2016లో చేనేత కుటుంబాల కోసం ఒప్పందం చేసుకొని ఎస్సీ, ఎస్టీ, దారిద్య్రరేఖకు దిగువనున్నవారు, మహిళలకు ఫీజులో 75 శాతం భరిస్తామంది. మగ్గం గుంత వద్దకు వెళ్లి ఈ మాట చెప్పేవారు ఎందరున్నారన్నది వేరే సంగతి.

వృత్తి భవిష్యత్తు కూడా దీనితో ముడిపడి ఉంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ కార్మికులు 35.22 లక్షల మంది. దుబ్బాక వీధుల్లో మగ్గం చప్పుడు వినిపించే ఇళ్లలో నేస్తున్నవారు చాలావరకు నడివయసు దాటినవారే. కూలి చాలక, గౌరవం లేక, పిల్లలను మగ్గం వైపు రానివ్వని తల్లిదండ్రులే ఎక్కువ. వారిని తప్పుపట్టలేం. అయితే ఈ తరంతో ఆ విద్య ఆగిపోతే తరువాత ఏ సంస్థ పెట్టినా తిరిగి రాదు. అది పుస్తకంలో లేదు, చేతుల్లో ఉంది.

ఏం చేయాలి?

పరిష్కారం పిల్లలను బడి మాన్పించడం కాదు, మగ్గాన్ని బడికి తేవడం. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల వద్ద పని నేర్చుకోవాలని చెప్పింది. దుబ్బాక ఉన్నత పాఠశాలల్లో ఆ పది రోజులు పాటలు, పోటీలతో సరిపెట్టకుండా అనుభవమున్న నేత కార్మికులను పిలిపించి గౌరవ వేతనంతో పాఠం చెప్పించవచ్చు. చిలుప లెక్క, పన్నా లెక్క గణితం తరగతిలోనే చెప్పవచ్చు. తన తండ్రి మాస్టారి పక్కన నిలబడి పాఠం చెబుతుంటే చూసిన బిడ్డకు ఆ వృత్తిపై కలిగే గౌరవం వేరుగా ఉంటుంది.

బడిబాటలో బిడ్డ చేరలేదని రాసుకోవడంతో ఆగకుండా ఇంట్లో ఏం చేస్తున్నాడో, ఎందుకు రావడం లేదో కూడా రాసుకోవాలి. 14 ఏళ్లు దాటి బడి మానినవారి ఇళ్లకు సార్వత్రిక విద్య దరఖాస్తులు తీసుకెళ్లాలి. బీడీ చాట పక్కన కూర్చున్న ఆడపిల్లను మాత్రం ఏ మినహాయింపు పేరుతోనూ అక్కడ వదలకూడదు.

ఇంట్లో నేర్చుకోవాలా, బడిలో నేర్చుకోవాలా అని ఎంచుకునే వెసులుబాటు నేడు ఉన్నవారికే ఉంది. నేత బిడ్డకు బడి పూర్తిచేసి, ఆ తరువాత మగ్గం కావాలో వద్దో తానే తేల్చుకునే అవకాశం కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వంపై ఉంది. జిల్లా విద్యాశాఖ, చేనేత జౌళి శాఖ అధికారులు కలిసి కూర్చొని వచ్చే విద్యా సంవత్సరానికైనా దీనికి ఒక ప్రణాళిక సిద్ధం చేయాలి.