అమ్మ టీవీ కేబినెట్టూ, నా రిక్వైర్‌మెంట్సూ

వంశధార సముద్రంలో కలిసేచోట మా కళింగపట్నం. అక్కడి ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అది తెలిసి కూడా మూడేళ్ళ క్రితం అమ్మకి పార్టికల్ బోర్డుతో టీవీ కేబినెట్ చేశాను. నాన్న పోయాక ఆ టీవీయే ఆవిడకి తోడు. కొలతలూ, డ్రాయింగూ అన్నీ నావే.

రెండు వానాకాలాలకే తేమకి అడుగుచెక్క ఉబ్బింది, స్క్రూలు తుప్పుపట్టాయి.

"ఏటిరా, నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా! కిందకి చీపురు కూడా దూరదు" అంది.

మొన్న సంక్రాంతికి వడ్రంగిని తోడు పెట్టుకుని అమ్మ చెప్పినట్టే మళ్ళీ చేశాను. టేకు చెక్క, ఇత్తడి స్క్రూలు, ఆరంగుళాల కాళ్ళు, వెనక గాలికి ఖాళీ.

క్లయింటుని వంద ప్రశ్నలడిగే మనం, అమ్మ దగ్గర మాత్రం అన్నీ తెలిసినట్టు ఎందుకుంటాం? వాడేవాళ్ళని అడగని డిజైన్ ఎంత అందంగా ఉన్నా బగ్గే. మీరేమంటారు?