తీగలు తెగినా... పలుకుతారు

వీధికో ఫోను కూడా లేని రోజుల్లోనే, ఇంట్లో కూర్చుని విదేశీ మిత్రులతో కబుర్లాడినవారున్నారు. అదీ కాల్‌ ఛార్జీ లేకుండా! వాళ్లే హామ్‌లు. హామ్‌ రేడియో అంటే ఆసక్తి కొద్దీ నడుపుకునే సొంత వైర్‌లెస్‌ స్టేషన్‌. ఇప్పుడు పిల్లల చేతుల్లోనూ సెల్‌ఫోన్లే. అవతలివారిని చూస్తూ మరీ మాట్లాడేయొచ్చు. అయినా హామ్‌లు తమ సెట్టును వదల్లేదు. అర్ధరాత్రి వేళ హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గరగరల మధ్య ఓ సన్నని గొంతు కోసం వెతుకుతూనే ఉంటారు. ఎందుకంత పిచ్చి?

ఫోన్లో అయితే నంబరు తెలిసినవారితోనే మాట్లాడతాం. ఇక్కడ అలా కాదు. ‘సీక్యూ... సీక్యూ’ అని గాల్లోకి పిలుపు వదలాలి. వింటున్నవారెవరైనా పలకండి అని దానర్థం. పలికేది పక్క జిల్లా మెకానిక్కో, జపాన్‌ డాక్టరో ముందే తెలియదు. మజా అంతా అందులోనే ఉంది. మాట కలిపాక క్యూఎస్‌ఎల్‌ కార్డులు పంపుకుంటారు. ఏళ్ల తరబడి దాచుకున్న ఆ కార్డులే హామ్‌ల ఆస్తి. వీళ్ల భాషా తమాషానే! అరవయ్యేళ్ల బామ్మగారైనా ‘వైఎల్‌’... అంటే యంగ్‌ లేడీ. పదహారేళ్ల కుర్రాడైనా ‘ఓఎం’... ఓల్డ్‌ మ్యాన్‌. వీడ్కోలు చెప్పాలంటే ‘73’ అంటే సరి.

ఇందులో మంత్రమేమీ లేదు. ఆకాశంలో బాగా ఎత్తున ఐనోస్ఫియర్‌ అనే పొర ఉంటుంది. షార్ట్‌వేవ్‌ తరంగాలు దాన్ని తాకి బంతిలా నేలకు తిరిగొస్తాయి. అలా గంతులేస్తూ ఖండాలు దాటేస్తాయి. మధ్యలో టవర్లూ కేబుళ్లూ అక్కర్లేదు. చిన్న సెట్టు, కారు బ్యాటరీ, రెండు చెట్ల మధ్య కట్టిన తీగ... అంతే. అయితే సూర్యుడి ప్రభావంతో ఆ పొర మారుతూ ఉంటుంది. నిన్న పలికిన దేశం ఇవాళ పలకదు. ఏ వేళలో ఏ దిక్కు పలుకుతుందో ఏళ్ల సాధనతోగానీ ఒంటబట్టదు.

ఆ సాధన విలువేంటో 2004 డిసెంబరు 26న లోకానికి తెలిసింది. ఢిల్లీకి చెందిన గృహిణి భారతీ ప్రసాద్‌, హైదరాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ అమెచ్యూర్‌ రేడియో తరఫున ఆ నెలలో పోర్ట్‌బ్లెయిర్‌ వెళ్లారు. అండమాన్‌ నుంచి హామ్‌ల గొంతు వినిపించి అప్పటికి చాలా ఏళ్లయింది. ‘వీయూ4ఆర్‌బీఐ’ అన్న ఆమె కాల్‌సైన్‌ కోసం ప్రపంచమంతా పోటీ పడింది. ఆదివారం ఉదయం ఆరున్నర వేళ భూమి కంపించింది. వెంటనే సునామీ. దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. సరదాగా పెట్టిన స్టేషనే సహాయ కేంద్రమైంది. ‘మావాళ్లు ఎలా ఉన్నారో’ అని అల్లాడుతున్న ఎన్నో కుటుంబాలకు క్షేమ సమాచారం ఆ సెట్టు ద్వారానే చేరింది. బృందంలో కొందరు రేడియోలు పట్టుకుని కార్‌ నికోబార్‌కూ వెళ్లారు. 1999 ఒడిశా పెనుతుపానులో, 2001 భుజ్‌ భూకంపంలో కూడా హామ్‌లు ఇలాగే కదిలారు.

సునామీ వచ్చి ఏడాది తిరక్కుండానే, 2005 మే 5న ఇస్రో శ్రీహరికోట నుంచి ‘హామ్‌శాట్‌’ను నింగిలోకి పంపింది. హామ్‌ల కోసమే తయారుచేసిన 42.5 కిలోల ఆ ఉపగ్రహం 2014 దాకా సేవలందించింది.

హామ్‌ కావాలంటే పెద్ద చదువులు అక్కర్లేదు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష రాయొచ్చు. కాస్త ఎలక్ట్రానిక్స్‌, కాసిన్ని నిబంధనలు తెలిస్తే చాలు. లైసెన్సు లేకుండా మాత్రం మాట్లాడకూడదు. పాటల ప్రసారం, వ్యాపార సంగతులు అసలే కుదరవు.

పైసా సంపాదించకూడదన్నది ఈ సరదాకు షరతు. అయినా ఏళ్లకేళ్లు దాన్నే అంటిపెట్టుకున్నవారు, తీగలన్నీ తెగిపోయిన రోజున ఊరికి గొంతవుతున్నారు!