ఫ్రిజ్‌లో గీతలు

మా అమ్మాయి హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతోంది. మొదటి ఏడాది హాస్టల్లో ఉంది. ఇప్పుడు తార్నాకలో మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంది. నలుగురికీ ఒకటే ఫ్రిజ్, ఒకటే వాషింగ్ మెషీను, ఒకటే గీజరు. ఇంకేం, రోజుకో పంచాయితీ. ఫోనులో తీర్పులు చెప్పేది నేను.

గీజరు గొడవ తొందరగానే తేలింది. రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేసి ఉంచితే ఒక యూనిట్ కాలుతుంది. నలుగురిదీ ఒకే మీటరు కాబట్టి స్లాబు దాటితే ఆపైన వాడే ప్రతి యూనిట్‌కీ రేటు ఎక్కువ. ఈ లెక్క చెప్పాక ఒకరి వెంట ఒకరు స్నానాలు కానిచ్చి స్విచ్ కట్టేస్తున్నారు. డబ్బు లెక్కలు పిల్లలకి బాగానే ఎక్కుతాయి.

ఫ్రిజ్ అలా కాదు.

వాళ్లలో ఒకమ్మాయిది నరసాపురం. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ చేపల పులుసు కట్టి పంపుతుంది. మా ఇంట్లో నీచు వండం. "అమ్మా, ఫ్రిజ్ తెరిస్తే ఒకటే కంపు" అని మా అమ్మాయి ఏడుపు. నేనూ వెనకాముందూ చూసుకోకుండా "పై అర మనదని చెప్పవే, తనని కింద పెట్టుకోమను" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. నంబరు తీసుకుని వాళ్లమ్మకి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాననుకున్నాను. ఆవిడ "అలాగేనండీ, ఇక పంపనులెండి" అంది. ఆ 'లెండి' ఇంకా చెవిలోనే ఉంది.

ఎండాకాలంలో చూడ్డానికి వెళ్లాను. ఫ్రిజ్ అరల మీద ఎర్ర టేపుతో గీతలు, పేర్లు రాసిన చీటీలు. నరసాపురం పిల్ల పెరుగు గిన్నె కూడా వంటగట్టు మీదే ఉంది. "పర్లేదాంటీ, నాకు అలవాటైపోయింది" అని నవ్వింది. పులుసు రావడం మానేసి రెండు నెలలు.

వాసన మాత్రం పోలేదు!

మన చెయ్యి ఊరుకోదు కదా. కూరగాయల సొరుగు లాగితే అడుగున పొంగి కారిన ఇడ్లీపిండి ఎండి పెచ్చు కట్టింది. అది మా అమ్మాయిదే. ఫ్రిజ్ వెనక, కంప్రెసరు మీద నీళ్లు చేరే ట్రే ఉంటుంది చూడండి, దాన్నిండా బూజు. "అదొకటుంటుందని నాకేం తెలుసు?" అంది. నిజమే, ఎలా తెలుస్తుంది? ఇంట్లో అది నేను కడుగుతుంటే ఎవరైనా చూశారా?

ఇంట్లో ఎవరివీ కాని పనులన్నీ అమ్మవే. మెషీను ఫిల్టరులో పీచు, బాత్రూము జాలీలో వెంట్రుకలు, సింకులో మెతుకులు. అవి వాటంతటవే పోతాయనుకుంటూ పెరిగిన పిల్లలు నలుగురు ఒకచోట చేరితే, మురికి కనబడగానే చీపురు వెతకరు, మనిషిని వెతుకుతారు. తిండి వేరైన మనిషి సులువుగా దొరుకుతుంది. ఆ వెతుకులాటలో నేనూ ఒక చెయ్యి వేశాను. బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని. నీచు, నీచం అనే మాటలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఇన్నేళ్లూ తోచలేదు నాకు.

"మనవాళ్ల పిల్లలతోనే ఉంచితే పోయేదిగా" అంటుంది మా ఆడపడుచు. టూలెట్ బోర్డుల మీద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని రాసేవాళ్లూ అదే అంటారు. నాకు నచ్చలేదు. రేపు ఉద్యోగంలో చేరితే ఆఫీసు ఫ్రిజ్‌కీ గీత గీయిద్దామా? వాసన పడకపోవడం తప్పు కాదు. గట్టి మూత పెట్టమని ఆ పిల్లనే అడగొచ్చు. ఇడ్లీపిండికీ అదే మూత ఉండాలి. పచ్చళ్లూ పొడులూ సర్ది పంపే మనం, ఆ ట్రే ఎక్కడుంటుందో కూడా ఒకసారి చూపించి పంపాలి, మగపిల్లలకైనా సరే.

టేపు నేను పీకలేదు. గీసినవాళ్లే పీక్కోవాలి.

ఇంటికొచ్చాక నరసాపురానికి మళ్లీ ఫోన్ చేశాను. మొదటిసారి కంటే కష్టమైంది. వాసన మా పిండిదేనని చెప్పాను, పులుసు పంపమన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మూత గట్టిగా ఉండే డబ్బా కొంటానండీ" అంది. మీ డబ్బాది తప్పు కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

మొన్న ఆదివారం మా అమ్మాయికి చేస్తే, "ఈ వారం ట్రే నా వంతమ్మా, చేతులు తడిగా ఉన్నాయి" అని పెట్టేసింది.