మూత్రాశయం మొరాయిస్తే: ఖర్చు ఎంత, తృప్తి ఎంత?

ఢిల్లీలోని కరోల్ బాగ్‌లో అద్దె గదులకు కొదువ లేదు. దగ్గరలోనే రాజేంద్రనగర్‌లో సర్ గంగారాం ఆస్పత్రి, పూసా రోడ్డున మరికొన్ని వైద్యశాలలు ఉండడంచేత, బజారు పనులపై వచ్చేవారితోపాటు చికిత్సకై వచ్చే కుటుంబాలు కూడా ఇక్కడ బస చేస్తాయి. వారికి వైద్యం ఖర్చు అంటే ఆస్పత్రి బిల్లు ఒక్కటే కాదు. గది అద్దె, తోడు వచ్చినవారి భోజనం, పోగొట్టుకున్న జీతం కూడా. మూత్రం ఆపుకోలేని బాధకు నాడీ ప్రేరణ చికిత్సను గూర్చి ఆలోచించేవారు ఈ లెక్కను ముందే వేసుకోవాలి.

లఘుశంక అని మర్యాదగా చెప్పుకొనే మన భాషలో, ఈ జబ్బుకు నలుగురిలో పలుకదగిన పేరు లేదు. అందుచేతనే ఎందరో స్త్రీలు “వయసు మీద పడింది” అని సరిపెట్టుకొని, పెళ్లిళ్లు, ప్రయాణాలు మానుకొంటారు. నిజానికి ఇది చికిత్సకు లొంగే వ్యాధి.

మూత్రాశయానికీ మెదడుకూ మధ్య కబుర్లు మోసేవి నాడులు. ఆ కబుర్లు గాడి తప్పినప్పుడు స్వల్ప విద్యుత్తుతో వాటిని దారికి తెచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది చీలమండ వద్ద సన్నని సూది గుచ్చి, వారానికొకసారి 30 నిమిషాల చొప్పున 12 వారాలు చేసేది. ఇందులో శస్త్రచికిత్స లేదు. కాని గుణం నిలవడానికి ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు చేయించుకోవాలి. పరాయి ఊరినుండి వచ్చినవారికి 12 వారాల బసయే పెద్ద ఖర్చు.

రెండవది నడుము దిగువన త్రికాస్థి నాడి చెంత తీగను, పిరుదు పైభాగాన చర్మం క్రింద చిన్న యంత్రాన్ని అమర్చడం. అమెరికా ప్రభుత్వం దీనిని 1997లో అనుమతించింది. ముందు కొన్నాళ్లు తాత్కాలికంగా పరీక్షించి, బాధ సగమైనా తగ్గితేనే యంత్రాన్ని అమర్చుతారు. అసలు ఖరీదు ఆ యంత్రానిదే.

ఖరీదైనదే ఎక్కువ తృప్తినిస్తుందా? మందులతో గుణం కనబడని 381 మంది స్త్రీలను రెండు వర్గాలుగా చేసి, ఒకరికి ఈ యంత్రాన్ని, మరొకరికి మూత్రాశయంలో బొటాక్స్ సూదిమందును సూచించిన అమెరికా పరిశీలన 2016లో వెలువడింది. ఆరు నెలలలో రోజుకు యంత్రం 3.3 సార్లు, సూదిమందు 3.9 సార్లు బాధను తగ్గించాయి. తృప్తిలోనూ సూదిమందుదే పైచేయి. రెండేళ్ల ఖర్చు సూదిమందుకు సుమారు 7,460 డాలర్లు కాగా, యంత్రానికి 35,680. అయితే మూత్రనాళ సంక్రమణ యంత్రం వారిలో 11 శాతానికి, సూదిమందు వారిలో 35 శాతానికి కలిగింది. మన దేశపు ధరలు వేరు. కాని ఖరీదును బట్టి తృప్తిని కొలవరాదన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

కనుక ఏ వేళ ఎన్నిసార్లు వెళ్లవలసి వస్తున్నదో మూడు రోజులు వ్రాసి వైద్యునికి చూపండి. కటి కండరాల వ్యాయామం, కాఫీ టీల తగ్గింపు, మందులు ముందు; యంత్రం చివర. అంతవరకు వెళ్లవలసివస్తే బ్యాటరీ ఎన్నేళ్లు నిలుస్తుంది, మార్చడానికెంత, పరీక్ష విఫలమైతే ఎంత నష్టం అని అడగండి. ఒకరికి రాత్రి నిద్ర చాలు, మరొకరికి బస్సు ప్రయాణం కావాలి. మీకు ఏది కావాలో వైద్యునికి స్పష్టంగా చెప్పండి. చికిత్స ఫలించినదో లేదో తేల్చవలసింది దానిని బట్టియే.